మిట్టమధ్యాహ్నం హాల్లో టైల్స్ వాటంతటవే లేచిపోయాయి. ఇప్పుడు కిందేం వేయించుకోవాలి? (పెదవాల్తేరు)

వాల్తేరు కోడలు:

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం పెదవాల్తేరు, ఇంటి నుంచి బీచ్ రోడ్డుకి ఐదు నిమిషాల నడక. మామయ్యగారు 1986లో కట్టించిన ఇల్లు. కింది వాటాలో మేముంటాం.

పోయిన గురువారం మధ్యాహ్నం రెండున్నర అయింది. అత్తగారు నడుం వాల్చారు. నేను బడి టీచర్ని, సెలవులు కదా, వంటింట్లో ఆవకాయ జాడీకి వాసెన కడుతున్నాను. హాల్లో ఢామ్మని పేలింది. గ్యాస్ బండ అనుకుని జాడీ వదిలేసి పరిగెత్తాను. లోపల్నుంచి అత్తగారు, "ఏటమ్మా ఆ సప్పుడు?" అని ఒకటే కేక.

చూస్తే హాలు నడిమధ్యలో రెండు టైల్స్ ఒకదానికొకటి ఆనుకుని గుడారం వేసినట్టు పైకి లేచున్నాయి. ఎవరూ తొక్కలేదు, ఏదీ పడలేదు. సాయంత్రానికి అదే వరసలో ఇంకో నాలుగు లేచాయి. చెంచాతో తట్టుకుంటూ పోతే సగం హాలు గుల్లగా మోగుతోంది.

ఇవి 2012లో వేయించినవి. రెండడుగుల విట్రిఫైడ్, మీగడ రంగు, మొహం కనిపించేంత మెరుపు. అంతకుముందు మామయ్యగారి మొజాయిక్ గచ్చు ఉండేది. అది పాత ప్రభుత్వాఫీసులా ఉందని మా ఆయన దాని మీదే టైల్స్ పరిపించేశారు. నేను వద్దన్నానా అంటే లేదు. ఆ మెరుపు చూసి ముందు మురిసింది నేనే. ఆర్నెల్లకే తత్వం బోధపడింది. ఉక్కపోత రోజుల్లో నేల చెమర్చేది. మా అత్తగారు రెండుసార్లు జారారు, రెండోసారి మణికట్టుకి కట్టు పడింది. దానికి తోడు బీచికెళ్ళొచ్చిన పిల్లల చెప్పులతో ఇసుక. గుమ్మం దగ్గర మెరుపు పోయి గీతలు పడి, పొగబట్టిన అద్దంలా తయారయింది.

ఇప్పుడు ఇంట్లో నలుగురివి నాలుగు మాటలు. మా ఆయనకి మార్బుల్ కావాలి. అత్తగారికి నాపరాళ్ళు కావాలి, "తాండూరు బండలెయ్యండి, కాళ్ళు సల్లగుంటాయి" అంటారు. మా అమ్మాయికి చెక్కలా కనిపించే వినైల్ కావాలి. నాకైతే డెబ్బై నాలుగేళ్ళ మనిషి జారకూడదు, ఉప్పు గాలికి పాడవకూడదు, రోజూ తుడవడం నా ప్రాణం మీదకి రాకూడదు. హాలు పదహారు బై పద్నాలుగు. వేసుకున్నవాళ్ళు చెప్పండి.

గాజువాక బావ:

గ్రానైట్ వేసెయ్యండి మేడమ్, పీడా పోద్ది. మన శ్రీకాకుళం బ్లూ ఉంది. నిమ్మకాయ పడ్డా, ఇసుక పడ్డా ఏమీ కాదు. మా ఇంట్లో పదేళ్ళ నుంచి ఉంది. చీమకుర్తి గెలాక్సీ లాంటి నల్లది మాత్రం వద్దు. స్టీల్ ప్లాంటు వైపు దుమ్ముకి పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి అడుగుల అచ్చులు కనిపిస్తాయి. మా ఆవిడ నన్ను తిట్టని రోజు లేదు.

లాసన్స్ బే అమ్మమ్మ:

తల్లీ, మీ ఆయనకి నా మాటగా చెప్పు. మార్బుల్ వేయించుకుని పద్దెనిమిదేళ్ళు అయింది. చూడ్డానికి దేవుడి గదిలా ఉంటుంది, బతకడానికి మాత్రం మడి కట్టుకున్నట్టే. పులుసు గిన్నె ఒకసారి ఒలికింది, తుడిచేలోపు మచ్చ పడింది. మచ్చ అంటే రంగు అంటుకోవడం కాదమ్మా, అక్కడ రాయే కాస్త తినేసినట్టవుతుంది. మెరుపు పోయి గరుగ్గా చేతికి తెలుస్తుంది. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, బాత్రూములో పోసే యాసిడ్ అన్నిటికీ అదే కథ. మన బొర్రా గుహలకెళ్ళినప్పుడు మనవడికి చెప్పాను, ఈ గుహంతా పులుపెక్కిన నీళ్ళు సున్నపురాయిని తొలిస్తే ఏర్పడిందిరా, మనింట్లో నీ నిమ్మకాయ షర్బత్ చేసిందీ అదే పని అని. వాడు నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

వరలక్ష్మీ వ్రతం నాడు పసుపు ఒలికితే ఇంకో తంటా. పనమ్మాయి సబ్బుతో రుద్దింది, పసుపు కాస్తా ఎర్రబడి కూర్చుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది చూడు, అలాగన్నమాట. తడిగుడ్డతో అద్ది వదిలేసి, కిటికీ తెరిచి ఎండ తగలనిస్తే పసుపు దానంతటదే వెలిసిపోయేది. అప్పుడు తెలీదు. ఇనప బీరువా కాళ్ళ కింద తుప్పు మచ్చలు సరేసరి, సముద్రం పక్కన ఇనుముకి ఆయుష్షెంత! ఏ నేల వేయించినా బీరువా కాళ్ళకీ గ్యాస్ బండకీ కింద రబ్బరు ముక్కలు పెట్టుకో.

మీ అత్తగారు అడిగిన తాండూరు రాయి కూడా సున్నపురాయి జాతే. పులుపుకి అదీ తట్టుకోదు. కాకపోతే దానికి అద్దం మెరుపు ఉండదు కాబట్టి మచ్చ అంతగా బయటపడదు, కాలూ జారదు. ఆ పెద్దావిడ తెలివిగానే అడిగింది.

తాపీ మేస్త్రి కొడుకు:

అక్కా, మాది కంచరపాలెం. నాన్న ముప్ఫై ఎనిమిదేళ్ళు తాపీ పని చేశారు. నేను సివిల్ డిప్లొమా చదివి ఇప్పుడు అదే పనిలో ఉన్నాను. కొత్తది ఏం వేయాలో తర్వాత చూద్దాం, పాతది ఎందుకు లేచిందో ముందు తెలియాలి. లేకపోతే ఏం వేసినా మళ్ళీ లేస్తుంది.

విట్రిఫైడ్ టైల్ నీళ్ళు పీల్చదు. దాని బరువులో అర శాతం కూడా తాగదు. అందుకే మరక పట్టదు, అందుకే సిమెంటు పాలు కూడా దానికి పట్టవు. పాత ఎర్ర సిమెంటు పలక అయితే పాలు తాగి కరుచుకునేది. దీనికి అలా కుదరదు, టైల్ అడ్హెసివ్ అని విడిగా వచ్చే జిగురు సిమెంటు కావాలి. 2012లో చాలామంది దానికి డబ్బు దండగ అని మామూలు సిమెంటు పాలు పోసి పరిచేశారు. పైగా మీది మొజాయిక్ మీద వేశారు. నున్నగా పాలిష్ పట్టిన గచ్చు మీద మాలు, అంటే సిమెంటూ ఇసుకా కలిపిన ముద్ద, నిలవదు. నాన్న కుర్రాళ్ళని తిట్టేవారు, "గాట్లు కొట్టకుండా పాత గచ్చు మీద మాలెయ్యడమంటే జిడ్డు పెనం మీద దోసె పొయ్యడం రా" అని. అంటే మీ హాల్లో పైన టైలుకీ మాలుకీ పట్టు లేదు, కింద మాలుకీ గచ్చుకీ పట్టు లేదు.

ఇక పేలడం సంగతి. ఎండకి టైల్ సాగుతుంది. మీ పదహారు అడుగుల వరసకి పదిహేను డిగ్రీల తేడా వస్తే సాగేది సుమారు అర మిల్లీమీటరు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ చుట్టూ గోడల దాకా బిగించేసి, మధ్యలో సందు లేకుండా తాపడం పెడితే ఆ అర మిల్లీమీటరు పోవడానికి చోటు లేదు. రెండు రెండడుగుల పలకలు ఎదురెదురుగా నెట్టుకుని పైకి లేస్తే ఆ అర మిల్లీమీటరే మధ్యలో పదిహేడు మిల్లీమీటర్ల ఎత్తు అవుతుంది. కాగితం మీద త్రిభుజం గీసి లెక్క కట్టుకోండి, మీరు టీచరు కదా. ఇన్నేళ్ళు ఎందుకు ఆగిందంటే పట్టు ఒక్కరోజులో పోదు, ఏటేటా కొంచెం కొంచెం సడలుతుంది. సడలిన రోజున ఢామ్మంటుంది.

షాపువాళ్ళు "జాయింట్‌లెస్ అండీ, అతుకే కనపడదు" అని అమ్ముతారు. ఆ మాట వినగానే షాపు బయటికొచ్చెయ్యండి. పలకకీ పలకకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి. గోడ చుట్టూ చిటికెనవేలి మందం కన్నా కాస్త తక్కువ ఖాళీ వదిలి దాన్ని గోడ అడుగున వేసే స్కర్టింగ్ పట్టీ కింద దాచెయ్యాలి. మళ్ళీ టైల్సే కావాలంటే మెరుపు లేని మ్యాట్‌లో తీసుకోండి, పెట్టె మీద జారుడు రేటింగ్ ఆర్10 ఉందేమో చూడండి. ఆర్9 పెద్దవాళ్ళున్న ఇంటికి చాలదు. మీ హాలు 224 చదరపు అడుగులు, అంటే 56 పలకలు. కోతకీ విరిగేవాటికీ పదో వంతు కలిపి 62 తీసుకోండి. అన్ని పెట్టెల మీదా ఒకే బ్యాచ్ నంబరు, ఒకే షేడ్ ఉండాలి. తర్వాత నాలుగు తగ్గాయని వెళ్తే అదే రంగు మళ్ళీ దొరకదు.

ఉప్పు గురించి అడిగారు. మీరు సముద్రానికి దగ్గర, పైగా కింది వాటా. మాలు కలపడానికి బోరు నీళ్ళు వాడనివ్వకండి. మున్సిపల్ కుళాయి నీళ్ళే పోయించండి. నీళ్ళలో ఉన్న ఉప్పు ఆరేటప్పుడు సందుల్లోంచి తెల్లటి పొడిగా పైకొస్తుంది, ఎన్ని సార్లు తుడిచినా వస్తూనే ఉంటుంది. ఇంకొకటి, కోప్పడకండి. దిష్టి పోతుందని కల్లుప్పు వేసిన నీళ్ళతో నేల తుడుస్తారు కదా, రాతి గచ్చుకి అది మంచిది కాదు. ఉప్పు రంధ్రాల్లో చేరి చెమ్మని పిలుస్తుంది. దిష్టికి గుమ్మానికి గుమ్మడికాయ కట్టుకోండి.

అన్నిటికన్నా ముందు ఒక పని చెయ్యండి. లేచిన టైల్ ఒకటి మెల్లగా తీసి, కింద మాలు పెచ్చు కూడా లేపి, మొజాయిక్ మీద గాట్లు ఉన్నాయో లేదో చూసి చెప్పండి.

వాల్తేరు కోడలు:

తమ్ముడూ, త్రిభుజం గీశాను. 17.5 వచ్చింది! మా ఆయనకి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. దిష్టి ఉప్పు మాట అత్తగారికి చెప్పే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు. పెచ్చు రేపు లేపుతాను.

మధురవాడ కొత్త ఇల్లు:

చెక్క సంగతి నేను చెప్తానండీ. 2014లో ఎం.వి.పి. కాలనీలో అద్దెకుండేవాళ్ళం, ఓనరు బెడ్‌రూముకి లామినేట్ వేయించారు. అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. బాల్కనీ అద్దాలు పగిలి గది నిండా నీళ్ళు. రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్యాను లేదు, ఆరబెట్టే దారి లేదు. ఆ పలకలు అంచుల దగ్గర నానిన అటుకుల్లా ఉబ్బిపోయాయి. లోపల ఉండేది నొక్కిన చెక్కపొట్టే కదా.

ఇప్పుడు మా సొంత ఫ్లాటులో ఒక గదికి ఎస్.పి.సి. వేయించాం, రాతిపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసే వినైల్ రకమే. నీళ్ళకి ఉబ్బదు, కాలికి టైల్ అంత గట్టిగా తగలదు. అమ్మాయి గదికి పర్వాలేదు. కానీ కింద నేల మట్టంగా లేకపోతే పలకల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే గడియలు ఊడిపోతాయి. ఎండ నేరుగా పడే చోట సాగి లేస్తుంది. సముద్రపు ఇసుక దీన్నీ గీకేస్తుంది. గుమ్మం బయట ఒక కొబ్బరిపీచు పట్టా, లోపల ఒక గుడ్డ పట్టా, రెండూ వేసుకోండి. ఇసుక గాజు కన్నా గట్టిది, మనం మాపుతో దాన్నే ఇల్లంతా ఈడుస్తుంటాం. ముందు చీపురు, తర్వాతే తడిగుడ్డ.

వాల్తేరు కోడలు (నాలుగు వారాల తర్వాత):

సమాధానాలిచ్చిన అందరికీ చెప్పాలని వచ్చాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మర్నాడు అట్లకాడతో మాలు పెచ్చు లేపాను. నిజంగా అట్లకాడే. అప్పడంలా వచ్చేసింది! కింద మామయ్యగారి గచ్చు ఉంది, ఒక్క గాటు కూడా లేదు. బూడిద రంగులో నల్ల రాళ్ళు, ఎర్ర రాళ్ళు, మధ్యలో గాజు పట్టీలు, అన్నీ అలాగే ఉన్నాయి. అప్పటి మేస్త్రి గాట్లు కొట్టడానికి బద్ధకించాడు. ఆ బద్ధకం వల్లే టైల్స్ లేచాయి, ఆ బద్ధకం వల్లే గచ్చు మిగిలింది. అతన్ని తిట్టాలో దండం పెట్టాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అత్తగారు మంచం దిగి వచ్చి, తడిగుడ్డ పెట్టి అక్కడే కూర్చుని తుడిచారు. రాళ్ళు ఏరింది తనేనట. ఎర్ర రాళ్ళు తక్కువ పడ్డాయని మామయ్యగారు మేస్త్రితో గొడవ పడి మళ్ళీ ఒక బస్తా తెప్పించారట. ఈ సంగతి నేను ఈ ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదు. 2012లో గచ్చు కప్పేస్తుంటే ఆవిడ ఒక్క మాట అనలేదు. "మీరు ముచ్చట పడ్డారు గదా" అన్నారు, అంతే.

అక్కడితో మార్బుల్, వినైల్, గ్రానైట్ అన్నీ అటకెక్కాయి. పాత గచ్చుకే పాలిష్ పట్టిద్దామనుకున్నాం. అనుకున్నంత సులువుగా జరగలేదు. టైల్స్ ఊడబీకడం రెండు రోజుల్లో అయింది. చెత్త మోయడానికే ఎక్కువైంది, పదిహేడు బస్తాలు. హాల్లో మూడొంతులు శుభ్రంగా వచ్చింది గానీ గుమ్మం పక్కన ఒక మూల మాలు గట్టిగా కరుచుకుంది. కూలీ కుర్రాడు యాసిడ్ సీసా పట్టుకొచ్చి "పోస్తే రెండు నిమిషాల్లో కరిగిపోద్దండి" అన్నాడు. కరుగుతుంది, నిజమే. మాలుతో పాటు కింది సిమెంటూ రాళ్ళూ కూడా. లాసన్స్ బే అమ్మమ్మగారి బొర్రా గుహలు గుర్తొచ్చి సీసా లాక్కున్నాను. చదును ఉలితో ఒక రోజంతా గోకి తీశారు. అయినా రెండు చోట్ల అరచెయ్యంత రాళ్ళు లేచిపోయాయి. అక్కడ సిమెంటులో రాతి చిప్స్ కలిపి పూడ్చారు. రంగు కలవలేదు, కొత్తదని తెలుస్తూనే ఉంది.

పాలిష్ మెషీన్ వచ్చిన రోజు ఇల్లు బురద గుంట. మొదట గరుకు రాయి, తర్వాత నున్న రాళ్ళు ఒకటొకటిగా మారుస్తారు, నీళ్ళు పోస్తూనే ఉండాలి. గోడల మీద నడుమెత్తు వరకూ చిమ్మింది. స్విచ్ బోర్డులకి ముందే ప్లాస్టిక్ కట్టుకోండి, మేము సగం పనయ్యాక కట్టాం. ఆ తెల్లటి బురదని బాత్రూము జాలీలో పోయబోయారు. అది లోపల గడ్డకడితే పైపు కోయించుకోవాల్సిందే. బకెట్లలో ఎత్తించి పెరట్లో పోయించాను. మొదటి రాయి తిరిగాక సూది రంధ్రాలన్నిటికీ బూడిద రంగు సిమెంటు పాలు పట్టించి, నాలుగు రోజులు ఆరనిచ్చి మళ్ళీ తిప్పారు. ఆఖరి మెరుపు రాయి మాత్రం నేను వద్దన్నాను. పాలిష్ మేస్త్రికి అది నచ్చలేదు. "పని సగంలో ఆపేసినట్టుంటాదమ్మా, నా పేరు పోద్ది" అన్నాడు. మా అత్తగారి మణికట్టు చూపించాను.

ఇప్పుడు నేల మెరవదు. కాలు పెడితే ఆనుతుంది. మొన్న తొలి వానకి ముందు రోజు ఒకటే ఉక్క, పక్కవాళ్ళ టైల్స్ మీద నీళ్ళు నిలిచాయి. మా హాల్లో కాస్త చెమ్మ తగిలిందంతే. తుడవడానికి బకెట్ నీళ్ళలో ఘాటు లేని సబ్బు నీళ్ళు నాలుగు చుక్కలు వేస్తున్నాను. తెల్ల ఫినాయిల్ మానేశాను, జిడ్డు పొర కడుతోంది. కల్లుప్పు సంగతి ఆఖరికి చెప్పేశాను. అత్తగారు ఆలోచించి, శుక్రవారం పూట గుమ్మం బయట మెట్ల మీద మాత్రం ఉప్పు నీళ్ళు చల్లుతామని రాజీకొచ్చారు. మెట్లు గ్రానైటు, పర్వాలేదనుకుంటున్నాను.

తమ్ముడూ, ఇప్పుడు కొత్త తలనొప్పి. 2012లో నేల పెరిగిందని మూడు తలుపుల అడుగులూ కోశారు. ఇప్పుడు నేల దిగింది. తలుపుల కింద రెండంగుళాల సందు. బొద్దింకలే కాదు, రాత్రి పక్కింటి పిల్లి కూన కూడా దూరి వచ్చింది. ఏం చెయ్యమంటావు?

తాపీ మేస్త్రి కొడుకు:

అక్కా, ముందు నాన్నకి చదివి వినిపించాను. పాలిష్ ఆపించిన చోట "ఆ టీచరమ్మ మేస్త్రి అవాల్సింది" అన్నారు.

తలుపులకి రబ్బరు పట్టీలు కొట్టించకండి, కొన్నాళ్ళకి బీటలు వారతాయి. 1986 నాటి తలుపులంటే టేకే అయ్యుంటాయి. పాత చెక్క అమ్మే అడితిలో అదే మందం టేకు పట్టీ దొరుకుతుంది. వడ్రంగి చేత అడుగున గాడి తీయించి, జిగురు పెట్టి అతికించి, ఇత్తడి మరలు బిగించండి. ఇనప మరలు వద్దు, తుప్పు కారి గచ్చు మీద మచ్చ పడుతుంది. కింద అర అంగుళం ఖాళీ ఉంచమనండి, వానాకాలం చెక్క ఉబ్బుతుంది. బాత్రూము తలుపుకి మాత్రం ముందు గడప ఎత్తు కొలవండి. హాలు నేల దిగింది, బాత్రూము నేల దిగలేదు. నీళ్ళ వాటం ఇప్పుడు హాలు వైపుకి ఉండొచ్చు. ఒక చెంబు నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో చూసి చెప్పండి.

వాల్తేరు కోడలు:

పోశాను. హాల్లోకే వచ్చాయి. ఆదివారం ఖాళీ ఉంటే నాన్నగారిని తీసుకుని ఒకసారి రండి తమ్ముడూ. ఆవకాయ ఈసారి బాగా కుదిరింది, ఒక సీసా తీసి పక్కన పెడతాను.